జములమ్మ చెట్టు కాయల ధర

దగ్గరికి జరుగు బిడ్డా. అంత దూరాన గడప మీద కూర్చుంటే ఎట్లా, నా గొంతు అక్కడిదాకా రాదు. ఇది గట్టిగా చెప్పే కథ కూడా కాదు. ఆ చాట పక్కకు పెట్టి ఇటు నా మోకాలి దగ్గరికి రా. ఆ, ఇప్పుడు విను.

బిజినేపల్లికీ వనపర్తికీ నడుమ గుట్ట వారగా ఒక చిన్న ఊరు. జర్మనీలో లడాయి మొదలైందని సంతకు పోయివచ్చినవాళ్లు చెప్పుకుంటున్న రోజులు. ఆ ఊళ్లో చెన్నయ్య అనే రైతు ఉండేవాడు. అతని పెళ్లాం ఈదమ్మ. ఈ కథ ఈదమ్మది. చెన్నయ్యకు నేలైతే ఉంది గానీ అంతా రాళ్లే. వాన పడితే జొన్న, పడకపోతే దుమ్ము. ఆ ఇంటికి ఉన్న సిరి అంతా బావి పక్కన సీతాఫలం తోట.

తోట అంటే పెద్దదనుకునేవు. ఇటు నిలబడి పిలిస్తే అటు చివరివాళ్లు పలుకుతారు, అంతే. సీతాఫలాలకేం కరువు, మా పాలమూరు గుట్టల నిండా అవే. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు, మేక కూడా ఆ ఆకు ముట్టదు. కానీ గుట్ట కాయ అంతా గింజలే, మింగేదానికంటే ఉమ్మేదే ఎక్కువ. చెన్నయ్య తోట కాయ అట్లాంటిది కాదు. ముత్తాతల నాటి విత్తనం. ఒక్కో కాయను రెండు చేతుల్లో పట్టాలి, గుజ్జు మీగడలాగా విడిపోయేది. ఆ విత్తనం అంత మంచిగా నిలిచిందంటే దానికి ఆ ఇంటి ఆచారం ఒకటి కారణం.

ఆ ఇంట్లో ఆడపిల్ల పుడితే, తొట్టెలో వేసిన రోజున తండ్రి తోటలో ఒక సీతాఫలం మొక్క పెట్టేవాడు. అన్నిటికంటే తియ్యగా ఉన్న కాయ గింజను దాచి, మొలకెత్తించి పెట్టేవాడు. ఆ చెట్టు ఆ పిల్లది. కాపుకొచ్చినాక ఆ కాయలు ఆ పిల్ల చేతి మీదుగానే తినాలి, పంచాలి. పెళ్లయిపోతే ఏటేటా మొదటి గంప అత్తగారింటికి మోసుకుపోయి ఇవ్వాలి. ఆ పిల్ల బతికున్నన్నాళ్లు ఆ కాయలకు ఎవరూ ధర పలకకూడదు. అడుక్కునేవాడికి పెట్టొచ్చు, ఉడతకు వదిలెయ్యొచ్చు, అమ్మకూడదు. ఆమె కాలం చేసినాక, కన్నతల్లి ఉంటే తల్లి, లేకపోతే ఇంటి పెద్దామె, ఆ చెట్టు కాయలు సంతకు తెచ్చి పదిమందిలో నోరు తెరిచి ధర పలకాలి. దాంతో ఋణం తెగింది. ఆ తర్వాత అది కూడా అన్నిటిలాంటి చెట్టే.

అంటే చూడు, ఆ ఇంటివాళ్లు వనపర్తి సంతలో ఏటా అమ్మినవన్నీ చనిపోయిన ఆడవాళ్ల చెట్ల కాయలే. చెన్నయ్య నాయనమ్మ అక్కచెల్లెండ్లవి, మేనత్తవి, తొట్టెలో ఉండగానే పోయిన ఎవరో పసిదానిది. ముసలి మొదలు ఎండిపోతే పక్కన లేచిన పిలకను పెంచుకునేవాళ్లు.

ఈదమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచి ఆ గంప ఆమె నెత్తి మీదే. ధర కట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. సీతాఫలం బేరం మామిడికాయ బేరంలాంటిది కాదు బిడ్డా. కాయ మీది కన్నులు ఉబ్బి, కన్నుకూ కన్నుకూ నడుమ గీత తెల్లబడితేనే తెంపాలి. ముందే తెంపితే గడ్డిలో ఎన్నాళ్లు దాచినా నల్లబడి రాయైపోతుంది. ఆలస్యం చేస్తే చెట్టు మీదే పగిలి చీమల పాలు. పండినాక ఒక్క రోజే దాని ఆయువు. పొద్దున అణాకు ఆరన్న కాయ పొద్దెక్కితే అణాకు పది, ఎండ నడినెత్తికొస్తే ఎంతకైనా సరే. ఈదమ్మ కొనేవాళ్ల మొహం చూడదు, కాళ్లు చూసి ధర చెబుతుందని సంతలో నవ్వుకునేవాళ్లు. నిజమే. తల గంపలోనే ఉండేది, నోరు ధర మీద ఉండేది.

ఆమెకు ఒక్కతే కూతురు, జములమ్మ. గద్వాల జములమ్మకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టుకున్నారు. చెన్నయ్య ఆ పిల్ల చెట్టును బావిగట్టు మీదే పెట్టాడు, తోడేటప్పుడు తొణికిన నీళ్లు దాని మొదట్లోకే పోవాలని. ఆ చెట్టు కాయ ఊళ్లో ఎవరికీ లేని తీరుగా కాసింది. పక్వానికి వస్తే కన్నుల నడుమ గీత తెల్లబడదు, ఎర్రబడుతుంది, పారాణి దిద్దినట్టు.

ఆ బావికి రాతికట్టు కట్టడానికి వనపర్తి నుంచి ఒక రాళ్లు చెక్కే పిలగాడు వచ్చాడు. పేరు ఆశీర్వాదం. వాళ్లది ఏసుమతం తీసుకున్న ఇల్లు. కులం వేరు, వాడకట్టు వేరు. జములమ్మ చెట్టు కాయలు ఆ ఏడు ఎవరి చేతికి పోతున్నాయో బావికి తెలుసు గానీ తల్లిదండ్రులకు తెలియలేదు. కట్టు పూర్తయిన కొన్నాళ్లకు ఒక పొద్దున లేచి చూస్తే పిల్ల లేదు. వనపర్తిలో పాదిరి వాళ్లిద్దరికీ ప్రార్థన చేసి పెళ్లి జరిపించాడని తర్వాత కబురొచ్చింది.

చెన్నయ్య ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. కాపు వేళకు తోట వైపే పోలేదు. ఆ చెట్టు కాయలు ఉడతలు తిన్నన్ని తిన్నాయి, మిగిలినవి రాలి బావిలో పడ్డాయి. మరుసటేడు కులపెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పిల్ల చచ్చినట్టా, బతికున్నట్టా తేల్చమన్నారు. బతికున్నట్టయితే మీ ఇంట్లో నీళ్లు ముట్టేది లేదు, మీ చావుకు వచ్చేది లేదు అన్నారు.

"దినాలు గిట్ల చెయ్యమని మేం అంటలేం చెన్నయ్యా. నీ ఇంటి ఆచారం నీకుండె గద. ఆ చెట్టుకు ధర పలికిచ్చు. గంతే."

చెన్నయ్య చాలాసేపు పుల్లతో నేల గీకుతూ కూర్చొని, "సరె" అన్నాడు.

వాళ్లు లేచిపోయినాక ఈదమ్మ తలుపు చాటు నుంచి వచ్చింది. "ఏం మాటిచ్చినవయ్యా? బతికున్న పిల్లకు నేనెట్ల పలుకుత?"

"పలకకుంటె ఊళ్లె నీళ్లు లేవు, నిప్పు లేదు. రేపు మనం పోతె మోసెటోడు లేడు."

"లేకుంటె లేకపాయె. చచ్చినంక నన్నెవరు మోసిన్రో నాకెర్కయితదా?"

"నువ్వు ముందల పోతె నాకెర్కయితది," అన్నాడు చెన్నయ్య. "నిన్ను నేనొక్కన్నె మొయ్యాలె."



ఆ ఇంట్లోనే చెన్నయ్య అక్క పుష్పమ్మ ఉండేది. మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. నోట్లో ఎప్పుడూ పొగాకు, నాలుక మీద ఎప్పుడూ ఒక మాట. తోటలో ఆమె చెట్టు కూడా ఉంది. "నా చెట్టు జోలికి రాకుండ్రి, బతికుండంగనె దయ్యమై పడత" అని ఏటా ఒకసారి అందరినీ బెదిరించేది. చెన్నయ్య ఆమెను పిలిచి, "అక్కా, సంతకు నువ్వు తోడు పో. పలికిందో లేదో నీ చెవులతోని విని వచ్చి నాకు చెప్పు" అన్నాడు.

సంత ఇంకా రెండు రోజులుందనగా చెన్నయ్య తానే కాయలు తెంపాడు. ఈదమ్మ దూరంగా నిలబడి చూసింది. కోపం ఉన్నవాడైతే పచ్చిదీ పక్వందీ కలిపి దూసిపారేసేవాడు. అట్లా చేస్తాడేమో, పచ్చివైతే రాళ్లవుతాయి, సంతకు పోయే పనే ఉండదని ఆమె ఆశపడింది. కానీ అతను ఒక్కో కాయ ఎర్రగీత మీద బొటనవేలు పెట్టి చూసి, తొడిమ నలగకుండా తుంచి, తలకు చుట్టుకున్న రుమాలు పరిచి దాంట్లో పెట్టాడు. ఒక్క కాయ కింద పడలేదు. అంత జాగ్రత్త చూసి ఆమెకు ఏడుపొచ్చింది. పసిపిల్లకు నీళ్లు పోసేటప్పుడు కూడా ఆ చేతులు అట్లాగే ఉండేవి.

తొలికోడికి బయలుదేరి పొద్దు పొడిచేసరికి ఆడవాళ్లిద్దరూ వనపర్తి చేరుకున్నారు. ఈదమ్మ తన మామూలు చోటే కూర్చుంది. ఒకపక్క కుండలు, ఇంకోపక్క ఎండు మిరపకాయలు. గంప మీది ఆకు తియ్యగానే దారిన పోయేవాళ్లు ఆగారు. ఎర్రగీత కాయ ఆ సంతకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు కదా.

"ఎంతకిస్తవమ్మా?" అన్నాడు సావుకారు ఇంటి వంటాయన.

ఈదమ్మ తీసిన ఆకును మడతపెట్టింది. "మీకు తోచింది ఇయ్యుండ్రి."

"తోచింది ఇచ్చుడేంది? ఊకె తీసుకపొమ్మని తోస్తుంది నాకు."

"తీసుకపోండ్రి."

అతను చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, మెల్లగా మళ్లీ గంపలో పెట్టాడు. "గీత సూస్తె ఎర్రగుంది. ధర అడిగితె చెప్పది. ఊకె తీసుకపో అంటది. పాముగిన ముట్టిన కాయలేమో" అని పక్కవాడితో అనుకుంటూ పోయాడు.

సంత గుణమే అంత బిడ్డా. ఎక్కువ ధర చెబితే తిడతారు గానీ కొంటారు. ధర లేని వస్తువును మాత్రం ఎవరూ నమ్మరు. ఒకామె దొంగకాయలా అని అడిగింది. ఇంకొకామె మొక్కుబడివా, దిష్టి తీసినవా అని అడిగి, పిల్లను చంకనేసుకొని వెనక్కి జరిగింది. కుండలామె నవ్వుతూ, "ఏందే ఈదమ్మా, ఇయ్యాల నోరు ఇంట్ల పెట్టి వచ్చినవా?" అంది. ఎండ ఎక్కుతోంది. పై వరసలో ఒక కాయ మెత్తబడి పగిలింది. ఈదమ్మ దాన్ని కొంగుతో అద్దింది, దెబ్బ తగిలిన మోకాలికి అద్దినట్టు.

"వదినా, ఇంటికి పోదాం. అమ్ముడుపోలేదని చెప్దాం."

"వచ్చె సంతకు మల్ల తోలుతడు. చెట్టు మీద ఇంక మస్తుగున్నయ్," అంది పుష్పమ్మ. పొగాకు ఉమ్మి వచ్చి దగ్గరికి జరిగింది. "నువ్వు నోరు మూసుకొని కాయలందియ్యి. నేను పలుకుత. నేనేమన్న కన్ననా? నేను పలికితె ఒట్టి మాటనె. ఇంటికి పోయి నువ్వే పలికినవని తమ్మునికి చెప్త."

"దేవుడు వినడా వదినా, గంత అబద్ధం?"

"నా మొగడు మంచంల ఉన్నప్పుడు ఎంత మొత్తుకున్న వినలేదు ఆయన. గిప్పుడు నా అబద్ధం వినెటందుకు సంత దాక వస్తడా? జరుగు."

పుష్పమ్మ ఎన్నడూ సంతలో అమ్మిన మనిషి కాదు. కానీ ఆ గొంతు ఉందే, అవతలి గిత్తల బేరం దాకా పోయింది. "అణాకు పది, ఎర్రగీత సీతాఫలం, అణాకు పది. సూసెటోళ్లు సూడుండ్రి, తినెటోళ్లు తినుండ్రి." ధర వినగానే జనం మూగారు. పాము మాట ఎవరికీ గుర్తు లేదు. ఆ వంటాయన కూడా తిరిగొచ్చి ఇరవై తీసుకున్నాడు. ఈదమ్మ పెదవులు బిగబట్టి కాయలందిస్తూనే ఉంది. ఒక్కో కాయ ఇస్తుంటే ఒక్కో బరువు దిగినట్టుంది. నేను పలకలేదు, నా బిడ్డ బతికే ఉంది, నేను పలకలేదు.

గంప అడుగు కనబడే వేళకు పుష్పమ్మ ఉప్పు తెస్తానని లేచింది. ఈదమ్మ కొంగున చిల్లర ముడి వేసుకుంటూ కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆమె మనసు తేలికైంది. వచ్చే ఏడు ఎవరికీ తెలియకుండా ఒక గంప జములమ్మకు చేర్చవచ్చు, వాళ్ల ఇల్లు ఏ వాడకట్టులోనో కుండలామెను అడిగితే చెబుతుంది, ఇప్పుడే అడగనా, పుష్పమ్మ వచ్చినాక అడగనా అని లెక్కలు వేస్తూ ఉంది.

గంప మీద నీడ పడింది. దుమ్ము కొట్టుకుపోయిన రెండు పాదాలు ఎదురుగా ఆగాయి. కాయ పట్టుకున్న చెయ్యి.

"ధర ఎంత?"

తగ్గు గొంతు. ఈదమ్మ తలెత్తలేదు. ఎన్నేండ్ల అలవాటు బిడ్డా. పొద్దుటి నుంచి పుష్పమ్మ అరిచిన అరుపు చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. ముడి బిగిస్తూ బిగిస్తూనే, "అణాకు పదమ్మా" అంది.

ఆ చెయ్యి కదలలేదు. కాయ ఎర్రగీత మీద బొటనవేలు ఆగింది, చెన్నయ్య పెట్టినట్టే. అప్పుడు చూసింది ఈదమ్మ. జములమ్మ. నిండు కడుపు. ఉరికొచ్చిందేమో, రొప్పుతోంది.

"మా వాడకట్టోళ్లు చెప్పిన్రు, ఎర్రగీత కాయలొచ్చినయని," అంది జములమ్మ. "నాకోసమే తెచ్చిన్రేమో, ఇల్లు తెల్వక సంతల కూసున్నరేమో అనుకున్న."

ఈదమ్మ నోట వచ్చిన మాట ఒకటే, అది అప్పటికే వచ్చేసింది.

"నా చెట్టువేనా అమ్మా?"

"నేను నిన్ను సూడలేదు బిడ్డా. సూస్తె పలుకుదునా? వదిననె పలికింది పొద్దుటి నుంచి, నేను పలకలె. తీసుకపో, అన్ని తీసుకపో. ఊకె తీసుకపో."

"ధర పలికినంక ఊకె తీసుకోరాదు గదనె."

కోపంతో అనలేదు ఆ పిల్ల. ఆ ఇంటి బిడ్డ, ఆ ఇంటి ఆచారం తెలిసిన బిడ్డ, తెలిసిన మాటే చెప్పింది. రొంటిన దోపుకున్న అణా తీసి తల్లి ముందు పెట్టింది. ఈదమ్మ గంపలో మిగిలినవి ఏరుతూ, "పది లేవు బిడ్డా" అంది. అని నాలుక కరుచుకుంది.

"ఉన్నయె చాలు."

కడుపుతో వంగలేక జములమ్మ కొంగు పట్టింది. తల్లి ఒక్కొక్కటే దాంట్లో పెట్టింది.

"నాయిన మంచిగున్నడా?"

"ఉన్నడు."

"బావిల నీళ్లున్నయా?"

"ఉన్నయ్."

ఇంక అడగడానికి ఏమీ లేనట్టు జములమ్మ కొంగున కాయలు మూటకట్టుకొని, మిరపకాయల రాశుల నడుమ నుంచి నడిచిపోయింది. పుష్పమ్మ ఉప్పుతో తిరిగొచ్చేసరికి ఆ వీపే కనబడింది.

"ఎవరే ఆమె?"

"కొనెటామె," అంది ఈదమ్మ.

ఇంటికి చేరేసరికి చెన్నయ్య బావిగట్టు మీద కూర్చొని ఉన్నాడు. పుష్పమ్మ దారి పొడుగునా కూడబెట్టుకున్న అబద్ధం ఎత్తుకుంది. "పలికిందిరా తమ్ముడా. నా చెవులతోని విన్న. అణాకు పదన్నది, సంతంత విన్నది."

చెన్నయ్య తలూపాడు. అతని మొహంలో ఏదో కాస్త తేలికపడ్డట్టు ఈదమ్మకు కనబడింది. ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

"నువ్వు వినలేదు వదినా," అంది ఈదమ్మ. "నువ్వు ఉప్పుకు పోయినవు. నేను నిజంగనె పలికిన."

"నిజంగనా?" అన్నాడు చెన్నయ్య.

"నిజంగ. పిల్లనె వచ్చి అడిగింది. తల ఎత్తకుండ చెప్పిన. నిండు నెలలతోని ఉంది అది. పైసలిచ్చి కొనుక్కపోయింది."

చెన్నయ్య జములమ్మ చెట్టు వైపు చూశాడు. "నువ్వు పలకవనుకున్న. నువ్వు పలకలేవు, అక్క నీకోసం అబద్ధమాడుతది. నాకెర్కనె. అందుకె అక్కను తోడిచ్చి పంపిన. గా అబద్ధమే పెద్దమనుషులకు చెప్దామనుకున్న."

ముగ్గురూ ఆ బావి దగ్గరే కూర్చుండిపోయారు. పొయ్యి అంటించాలని కూడా ఎవరికీ తోచలేదు.

తర్వాతి ఏడు కాపుకు చెన్నయ్య మొదటి గంప తానే ఎత్తుకొని వనపర్తి పోయాడు, అడిగి అడిగి ఆ ఇల్లు పట్టుకున్నాడు. జములమ్మ చంకలో ఆడపిల్లతో వచ్చి గడప లోపల నిలబడింది. ఆయన గంప దించి, తీసుకో బిడ్డా అన్నాడు. ఆమె ముట్టుకోలేదు. "ఎంతకిస్తవు?" అంది. ఆయన గంప పక్కనే చతికిలపడి, "అణాకు వంద" అన్నాడు. "అంత తక్కువకు నేనెట్ల తీసుకుంట, అణాకు పది" అంది కూతురు. అమ్మేవాడు తగ్గించడం, కొనేది పెంచడం, అట్లాంటి బేరం ఎక్కడైనా విన్నావా బిడ్డా? ఏటా జరిగింది. బేరానికి వచ్చినవాడు కాబట్టి కులపెద్దలు ఏమీ అనలేకపోయారు. బేరానికి వచ్చినవాడు కాబట్టి లోపలికి రమ్మని కూతురూ అనలేదు, మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి ఆయనకూ చెయ్యి రాలేదు.

ఈదమ్మ మళ్లీ సంతలో కూర్చోలేదు. ఏటా మొగుడి వెంట వనపర్తి దాకా పోయేది, ఆ వాడకట్టు మలుపులో గోడకు ఆనుకొని, కొంగు ముందుకు లాక్కొని కూర్చునేది. లోపల బేరం ఎంత సాగితే అంతసేపు కూతురి గొంతు వినబడేది. కాయలు అమ్ముడుపోగానే ఆగిపోయేది. ఈదమ్మ కాలం చేసేదాకా అంతే, గొంతే, మనిషి లేదు.

నేను రేపో మాపో అన్నట్టున్నాను బిడ్డా. ఇది నీ దగ్గర పెట్టుకో. నీ తర్వాతివాళ్లు సీతాఫలం ఒలుస్తూ ఉన్నప్పుడు వాళ్లకు చెప్పు. ఈదమ్మను తిట్టుకుంటూ చెప్పకు, చెన్నయ్యను కూడా. కాయలకు ధర పలికిన నాటికి జములమ్మ బతికే ఉందని మాత్రం మరవకుండా చెప్పు.